పార్కు కింద పైపులో పోతున్న కోడుని మళ్ళీ బయటికి తీయాలా, వద్దా?

పాతరేవు (చర్చ మొదలుపెట్టింది)

మొన్నటి వానకి మున్సిపల్ పార్కులో జారుడుబల్ల వెనకాల నేల కుంగిపోయిన సంగతి ఊళ్ళో వాళ్ళందరికీ తెలుసు. బయటి ఊళ్ళ వాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్తాను. మాది పశ్చిమ డెల్టాలో ఒక టౌను. పార్కు మూడెకరాలు. దాని కింద నుంచి ఒక కోడు, అంటే చేల మురుగు దింపే చిన్న ఏరు, పోతుంది. మా చిన్నప్పుడు అది పైనే పారేది, ఒడ్డున రేవు ఉండేది. తర్వాత మురుగు ఎక్కువైందని సిమెంటు పైపులు వేసి, పైన మట్టి పోసి, పార్కు కట్టారు. ఇప్పుడు ఆ పైపు ఒకచోట పగిలింది. మున్సిపాలిటీ వాళ్ళు రెండు దారులు చెప్పి జనం అభిప్రాయం అడుగుతున్నారు. పాత పైపు తీసేసి ఇంకా పెద్ద బాక్స్ కల్వర్టు కట్టి మళ్ళీ మూసేయడం ఒకటి. పార్కులో ఉన్నంత మేర కోడుని బయటికి తీసి, పాత వంపుల్లోనే పారనిచ్చి, గట్లు ఏటవాలుగా చెక్కి చెట్లు వేయడం రెండోది.

నా ఓటు రెండోదానికి.

గొయ్యి చూద్దామని మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. మట్టి జారినచోట రాతి మెట్లు బయటపడ్డాయి. మా అమ్మమ్మ బట్టలు ఉతికిన రేవు అది. పైనుంచి రెండో మెట్టు అంచున, తరతరాలుగా బిందెలు ఆనించి ఆనించి అరిగిన గుంట ఒకటి ఉండేది. చిన్నప్పుడు అందులో నిలిచిన నీళ్ళలో వేలు తిప్పుతూ కూర్చునేవాడిని. ఆ గుంట అలాగే ఉంది, నిండా మట్టి. వేలితో తీశాను. అది చూసి కళ్ళు చెమర్చిన మాట నిజం. అయితే అందుకోసమే కోడుని తెరవమనడం లేదు.

మన డెల్టాలో వాలు కిలోమీటరుకి జానెడు ఉంటే గొప్ప. మన కోడు వెళ్ళి మేజర్ డ్రెయిన్లో కలుస్తుంది, ఆ డ్రెయిన్ సముద్రంలో కలుస్తుంది. సముద్రం పోటు మీద ఉన్నంతసేపూ డ్రెయిన్ నీళ్ళు ముందుకి కదలవు. అలాంటప్పుడు ఇక్కడ పైపు రెండింతలు పెద్దది వేస్తే ఏం లాభం? వాన నీళ్ళు తొందరగా పోవాలని అందరూ అంటున్నారు. ఎక్కడికి పోవాలి? దిగువన దారి తెరుచుకునే దాకా ఆ నీళ్ళు ఎక్కడో ఒకచోట ఆగాలి. ఇప్పుడు మార్కెట్ వీధిలోనూ, రామాలయం వెనక ఇళ్ళలోనూ ఆగుతున్నాయి. పార్కులో ఆగితే ఎవరికీ నష్టం లేదు. కోడు పైన ఉన్న రోజుల్లో జరిగింది అదే. వానాకాలంలో అది వెడల్పయ్యేది, తర్వాత మళ్ళీ సన్నబడేది. ఆ వెడల్పునే మనం మట్టి పోసి పూడ్చేశాం.

ఇంకో మాట. ఇది మొదటి నుంచీ మురుగు కాలవ కాదు, గోదారి పాయల్లో ఒకటి. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. కాలవలు తవ్వారు, ఏటిగట్లు కట్టారు. అన్నం పెట్టిన పని అది, నేను తప్పు పట్టను. కానీ దానితో ఇలాంటి చిన్న పాయలకి తలవైపు గోదారితో సంబంధం తెగిపోయింది, చేల మురుగు దింపే దారులుగా మిగిలాయి. సప్త గోదావరుల్లో ఒకటని చెప్పుకునే తుల్యభాగని కూడా ఇప్పుడు డ్రెయిన్ అనే అంటున్నారు. డ్రెయిన్ అని పేరు పెట్టాక అందులో చెత్త పారేయడానికి ఎవరికీ చెయ్యి వెనకాడదు.

పొద్దుటి నడక

పాతరేవు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఊరికి ఉన్నదే ఒక్క పార్కు. నాకు షుగర్. డాక్టరు గారు రోజూ నలభై నిమిషాలు నడవమన్నారు. రోడ్డు మీద నడుద్దామంటే ఇసుక ట్రాక్టర్లు, రొయ్యల లారీలు. తెల్లారి ఐదింటికి పార్కులో కనీసం యాభై మందిమి ఉంటాం, సగం మంది అరవై దాటినవాళ్ళం. తవ్వేస్తే మేం ఎక్కడ నడవాలి?

కోడుని ఎందుకు మూశారో మీరు ఒక్క ముక్కలో దాటేశారు. నాకు బాగా గుర్తుంది. ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక చేల నుంచి వచ్చే నీరు ఆగిపోతుంది, ఇక అందులో ఉండేది ఊరి మురుగు ఒక్కటే. మే నెలలో ఆ వీధిలో అన్నం తినేటప్పుడు కిటికీలు వేసుకునేవాళ్ళం. మా పెళ్ళికి వచ్చిన చుట్టాలు వాసన భరించలేక సాయంత్రానికే బస్సెక్కారు. అప్పటి పెద్దవాళ్ళు బుద్ధి లేక మూయలేదు, జనం గోల పెడితే మూశారు.

ఇద్దరు పిల్లల అమ్మ

నాదొక్కటే టెన్షన్. నా చిన్నాడికి నాలుగేళ్ళు. పార్కులో చెయ్యి వదిలితే పరుగే. జారుడుబల్ల పక్కనే నీళ్ళు పెడతామంటే నేను వాణ్ణి ఇక ఆ గేటు లోపలికి తీసుకెళ్ళను. పాముల సంగతి వేరే చెప్పాలా? వానాకాలంలో మా పెరట్లోకే వస్తున్నాయి.

సింగపూర్ నుంచి మీ ఊరివాణ్ణి

నేనుండే చోట సరిగ్గా ఇలాంటి పనే చేశారు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ బిషాన్ అని ఒక పార్కు ఉంది, 62 హెక్టార్లు. దాని పక్కన కల్లాంగ్ నదిని ఒకప్పుడు తిన్నటి కాంక్రీటు కాలవగా మార్చేశారు, 2.7 కిలోమీటర్లు. 2012 నాటికి ఆ కాంక్రీటు పగలగొట్టి, నదిని పార్కులోకి తిప్పి, వంపులతో 3.2 కిలోమీటర్లు చేశారు. మామూలు రోజుల్లో అది సన్నటి ఏరు. పిల్లలు ఒడ్డున గడ్డి మీద కూర్చుంటారు, రాళ్ళ మీద అడుగులేస్తూ అవతలికి దాటతారు. పెద్ద వాన వస్తే నీళ్ళు గడ్డి మీదికి పరుచుకుంటాయి, అంటే ఆ కాసేపు పార్కే నది అవుతుంది. నీటి మట్టం పెరుగుతోందంటే సైరన్ మోగుతుంది, దీపాలు వెలుగుతాయి, అందరూ పైకి వచ్చేస్తారు. అమ్మగారు అడిగిన దానికి ఇదొక జవాబు.

నీటికుక్కలు కూడా వచ్చి చేరాయి. ఎవరూ తెచ్చి వదల్లేదు, వాటంతట అవే వచ్చాయి. మన కోరింగ మడ అడవుల్లో ఉండే జాతే. మా అమ్మాయికి అవంటే ప్రాణం. నీటికుక్కని నేను మొదటిసారి చూసింది పుట్టిన గోదారి జిల్లాలో కాదు, ఇక్కడ.

సార్వా రైతు

ఆయ్, నమస్కారమండి. దూరపు కొండలు నునుపు. అక్కడ 62 హెక్టార్లు, మనది మూడెకరాలు.

మా పొలం ఊరికి ఎగువన. నాలుగున్నర ఎకరాలు చేస్తున్నాను, అందులో మూడు కౌలుకి. మా చేలో మురుగు మీ పార్కు కింద నుంచే దిగాలి. మీరు నీళ్ళు ఆగాలంటున్నారు. మీ పార్కులో నీళ్ళు ఆగితే వెనక్కి తన్ని మా చేలో నిలబడతాయి. వంపులు పెడతారు, చెట్లు వేస్తారు, చూడ్డానికి బాగుంటుంది. నాట్లు వేసిన పదో రోజున చేను మునిగితే ఎలా ఉంటుందో పార్కులో బెంచీ మీద కూర్చుంటే తెలియదండి. వారం మునిగితే నారు కుళ్ళుతుంది. మళ్ళీ నారు కొనాలి, మళ్ళీ కూలీలకి ఇవ్వాలి, కౌలు మాత్రం తగ్గదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం అని సాగు మానేసినప్పుడు వాళ్ళు చెప్పిన బాధల్లో ఈ మురుగు దిగకపోవడం కూడా ఉంది. మాకు కావలసింది తిన్నటి, లోతైన డ్రెయిన్.

మొన్నటి వానలో పైపు నోటి దగ్గర ప్లాస్టిక్ సంచులు, గుర్రపు డెక్క, కొబ్బరి మట్టలు పేరుకుపోతే నేనూ మా బావమరిదీ నడుంలోతు నీళ్ళలో దిగి చేత్తో లాగాం. అర్ధరాత్రి దాకా లాగినా చేలో నీరు ఒక్క అంగుళం దిగలేదు. పైపు లోపల ఇంకెక్కడో అడ్డం పడింది. చెయ్యి చాచినంత మేర లాగాం, ఆ తర్వాత చీకటి.

పాతరేవు

రైతు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా మొదటి పోస్టులో ఎగువ చేల మాటే లేదు. ఉండాల్సింది.

అయితే మీ మాటల్లోనే ఒకటి అడుగుతాను. ఆ రాత్రి మీరు లాగలేకపోయింది ఎందుకు? కోడు కనబడకుండా ఉండబట్టి. అదే పైకి ఉంటే ఎక్కడ అడ్డం పడిందో కళ్ళకి కనిపించేది, గట్టు మీద నిలబడి కొక్కెంతో లాగేవాళ్ళు, కాదంటే ప్రొక్లెయిన్ దింపేవాళ్ళు. బాక్స్ కల్వర్టు ఎంత పెద్దది కట్టినా లోపల పూడిక తీయాలంటే మనిషి దిగాలి. మురుగు గొట్టాల్లో దిగి గాలాడక మనుషులు చనిపోయిన వార్తలు ఎన్ని చదవలేదు మనం? ఒక మనిషిని అందులోకి దింపే ఏర్పాటుకి నేను సంతకం పెట్టలేను.

డ్రెయిన్ల ఇంజినీరు (రిటైర్డ్)

ఇరవై ఏళ్ళకి పైగా డెల్టా డ్రెయిన్ల మీద పనిచేశాను. ఇద్దరి మాటల్లోనూ కొంత ఒప్పుకోవాల్సింది ఉంది, కొంత తప్పు ఉంది.

ముందు లెక్క. ఒక ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 4 లక్షల లీటర్లు. పార్కు దగ్గరకి నీరు దిగే ఊరి భాగం 100 ఎకరాలు అనుకుందాం. మొత్తం 4 కోట్ల లీటర్లు. పార్కులో రెండెకరాలు ఒక మీటరు లోతు దింపితే పట్టేది 80 లక్షలు. ఐదో వంతు. తక్కువేం కాదు, ఎందుకంటే ఇళ్ళలోకి వచ్చేది ఎప్పుడూ ఆ పైన మిగిలిన భాగమే. అలాగని పార్కు తవ్వితే ఊరు మునగదని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఎగువ చేల నీరు ఈ లెక్కలో కలపలేదు, అది దీనికి ఎన్నో రెట్లు.

రైతు గారి భయం సరైనదే. గట్టు నిండా మొక్కలుంటే నీటి వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే ఎగువన మట్టం పెరుగుతుంది. అయితే దానికి ఉపాయం ఉంది. మధ్యలో ఒక ఇరుకు పాయ, అడుగు మట్టం ఇప్పటి పైపు అడుగు కంటే ఒక్క అంగుళం కూడా పైకి రాకుండా, అందులో ఒక్క మొక్క లేకుండా ఉంచాలి. మామూలు మురుగు అందులో దిగిపోతుంది. దానికి రెండు పక్కలా కాస్త ఎత్తున వెడల్పాటి మెట్ట ఉంచాలి. వాన నీరు ఎక్కేది దాని మీదికి. గడ్డి, చెట్లు అక్కడే. మొత్తం కోత ఇప్పటి పైపు కంటే చాలా వెడల్పు కాబట్టి ఎగువన మట్టం పెరగదు, తగ్గాలి. వంపులు మరీ గట్టిగా తిప్పకూడదు. మనది జిగురు నేల, గట్టు నిటారుగా కోస్తే మొదటి వానకే జారుతుంది. ఒక అడుగు ఎత్తుకి కనీసం రెండడుగుల వాలు ఇవ్వాలి. పిల్లల అమ్మగారికి కూడా అదే మంచిది, అంత వాలులో పడిన పిల్లాడు నడిచి పైకి వస్తాడు. నిటారు సిమెంటు గోడలున్న కాలవలో పడితే పెద్దవాళ్ళకి కూడా పట్టు దొరకదు.

ఇక ఎవరూ చూడని చోటు ఒకటుంది. పార్కు చివర మెయిన్ రోడ్డు కింద తూము. పార్కులో మీరు ఏం చేసినా ఆ తూము వెడల్పు చేయకపోతే అంతా వృథా.

సింగపూర్ గారికి ఒక మాట. వాళ్ళు ముందు ఒక చిన్న కాలవ మీద రకరకాల పద్ధతుల్లో గట్లు కట్టి, ఏది నిలబడుతుందో చూసుకుని, ఆ తర్వాతే నది జోలికి వెళ్ళారు. మనవాళ్ళకి చూపించాల్సిన ఉదాహరణ అది. సియోల్ ఊరి మధ్యలో చోంగ్‌గ్యేచోన్ అనే ఏరుని కూడా చూపిస్తుంటారు. పైన వేసిన ఫ్లైఓవర్ని కూలగొట్టి 2005లో దాన్ని మళ్ళీ తెరిచారు. ఊరికి అందం వచ్చింది, కాదనను. కానీ అందులో పారే నీళ్ళలో ఎక్కువ భాగం పంపులతో ఎత్తిపోసేవే, రోజుకి 1,20,000 టన్నులు. ఆ కరెంటు బిల్లు మన మున్సిపాలిటీ కట్టగలదా?

పొద్దుటి నడక

అదే నేనూ అడిగేది. వేసవిలో నీళ్ళేవి?

ఫీల్డులో తిరిగే నర్సు

దోమల మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు, ఎలాగూ వస్తుంది కాబట్టి ముందే చెప్తాను. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ పెరిగేది మురికి నీళ్ళు కదలకుండా నిలిచిన చోట. మన జిల్లాల్లో ఆ జబ్బు తరాలుగా ఉంది. ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు మింగించిన చేతులు ఇవి. కాలు ఏనుగు కాలంత వాచి, చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుంటూ గుమ్మం దాటి రావడానికి సిగ్గుపడే ఆడవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నాను.

మూసేస్తే దోమలుండవని మీరంతా అనుకుంటున్నారు. మూసిన కాలవలో దోమకి ఇంకా హాయి. చీకటి, తడి, గాలి తగలదు, చేప లేదు, మందు కొట్టేవాళ్ళ పైపు అందదు. పార్కులో ఇనప మూత తీసిన రోజు లోపలి నుంచి పొగలా లేచిన దోమల్ని నేను కళ్ళారా చూశాను. నీళ్ళు కదులుతూ ఉండి, అందులో చేప ఉంటే దోమ పిల్లల్ని అదే తినేస్తుంది. అయితే మురుగు అలాగే వదిలి పైకి తెరిచారంటే చేప బతకదు. అప్పుడు కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. మురుగు సంగతి ముందు తేల్చండి, తర్వాత తెరవండి. ఈ వరస తప్పితే నేను ఒప్పుకోను.

గట్టు మీద ఇల్లు

ఇంతమంది రాశారు, మా గురించి ఒక్కరు రాయలేదు.

పార్కు దాటాక కోడు గట్టు మీద మా ఇళ్ళున్నాయి. మా మామగారు కొబ్బరి వలుపు పనికి వచ్చి వేసుకున్న పాక, ఇప్పుడు రేకుల ఇల్లు. పట్టా లేదు. కరెంటు మీటరు ఉంది, ఇంటి పన్ను కడుతున్నాం. కోడుని మళ్ళీ ఏరు చేస్తామని మీరు అంటుంటే మాకు ఒకటే వినబడుతోంది. ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) తీస్తారు, గొలుసు పట్టి కొలుస్తారు, ఇది పోరంబోకు అంటారు, మార్కు వేస్తారు. ఆ పక్కనే కోడుని సగం పూడ్చి కట్టిన పెద్ద భవనాల జోలికి మాత్రం ఎవరూ వెళ్ళరు. నీటికుక్కలు రావాలంటే మేం పోవాలా అండి?

మురుగు కంపు మాకు కొత్త కాదు, అందరికంటే ఎక్కువ పీల్చేది మేమే. వాన వస్తే మొదట మునిగేది మా ఇళ్ళే. శుభ్రం చేస్తామంటే వద్దనం. మమ్మల్ని తీసేసి శుభ్రం చేస్తామంటేనే మా బాధ.

పాతరేవు

అక్కా, మీ పోస్టు చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మీరు అడిగినదాన్ని ఏదో మాటవరసకి సర్దిచెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

నేను మున్సిపాలిటీకి ఇవ్వబోయే కాగితంలో మొదటి వాక్యం ఇది: పని పార్కు కంచె లోపలే జరగాలి. కంచె బయట ఒక్క ఇల్లు కూడా కదపకూడదు. నీటి దారుల్ని కాపాడాలని వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. ఆ చట్టం పేరు చెప్పి పేదల ఇంటి మీద మొదటి గునపం పడడానికి నా సంతకం వాడుకోనివ్వను. ఎప్పుడైనా ఆ గట్టు మీద పని చేయక తప్పని రోజు వస్తే, ముందు అదే వార్డులో పట్టాతో ఇల్లు చూపించాలి, ఆ తర్వాతే మాట్లాడాలి. కాగితం మీకు చూపించాకే ఇస్తాను. మీ తరఫున ఎవరో ఒకరు వచ్చి నాతో పాటు సంతకం పెడితే ఇంకా మంచిది.

నర్సు గారు చెప్పిన వరస మీదే నా మిగతా అభ్యర్థన అంతా మార్చేశాను. పార్కు ఎగువన మూడు మురుగు కాలవలు కోడులో కలుస్తున్నాయి. నిన్న సాయంత్రం మూడూ నడిచి చూశాను. ఒకటి హోటళ్ళది, నూనె తెట్టు కట్టి ఉంది. ఒకటి ఇళ్ళది. మూడోది చేపల మార్కెట్ కడిగిన నీరు. ముందు వీటిని ఒకచోట పట్టి, తొట్టిలో మడ్డి దిగనిచ్చి, ఆ నీటిని తుంగ, జమ్ము పెంచిన మడుల గుండా నెమ్మదిగా పంపి, అప్పుడు కోడులోకి వదలాలి. వేసవిలో నీళ్ళేవని నడక గారు అడిగారు. ఆ రెండు నెలలూ ఈ తేరిన నీరే ఆ ఇరుకు పాయలో పారుతుంది. కొద్దిగానే ఉంటుంది. ఉండనీండి. మన ఏళ్ళు వేసవిలో ఎప్పుడు నిండుగా పారాయి? పంపులు పెట్టి నింపడం నాకూ ఇష్టం లేదు. ఈ మడుల పని అయ్యి, ఒక వేసవి గడిచి, వాసన లేదని ఆ వీధి వాళ్ళు చెప్పాకే పైపు తీయాలి. అంతవరకూ పగిలినచోట మాత్రం రిపేరు చేసుకోవాలి.

నడక గారూ, తవ్వేది రెండెకరాలు వద్దు, ఎకరంన్నర చాలు. నీరు కొంచెం తక్కువే పడుతుంది, ఒప్పుకుంటాను. పైన చుట్టూ ట్రాక్ మీది. ఇప్పుడున్న ట్రాక్ కంటే అది పొడుగే అవుతుంది, తాడేపల్లిగూడెం రోడ్డు వైపు వేపచెట్ల కింద నుంచి పోతుంది. రెండుచోట్ల చెక్క వంతెనలు వేయమని అడుగుతున్నాను. పిల్లల ఆటస్థలం నీటి పక్క నుంచి తీసి గేటు దగ్గరకి మార్చాలి, మధ్యలో కంచె ఉండాలి.

రైతు గారూ, ఇంజినీరు గారు చెప్పినట్టు అడుగు మట్టం పెంచకూడదు, రోడ్డు తూము ముందే వెడల్పు చేయాలి. ఇవి రెండూ కాగితంలో ఉన్నాయి. ఇంకొకటి కూడా చేర్చాను. పార్కు ఎగువ నోటి దగ్గర, గుర్రపు డెక్క పట్టడానికి ఇనప జల్లెడ పెట్టి, దాన్ని శుభ్రం చేసే మనిషికి జీతం ఇవ్వాలి. జల్లెడ పెట్టి మనిషిని పెట్టకపోతే అదే పెద్ద అడ్డుకట్ట అవుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు.

సార్వా రైతు

మనిషిని పెట్టాలన్న మాట బాగుందండి. ఒకప్పుడు కాలవల మీద లస్కర్లు ఉండేవాళ్ళు. వానొస్తే గొడుగేసుకుని తూముల మీదే పడుకునేవాళ్ళు. ఇప్పుడు పదికి ఒకరు కూడా లేరు.

నేనింకా పూర్తిగా ఒప్పుకోలేదు. తూము పని ముందు చూపించండి. తూము వెడల్పయిన తర్వాత వచ్చే సార్వాలో (వానాకాలం పంటలో) మా చేలో నీరు ఎన్ని రోజుల్లో దిగిందో చూసి అప్పుడు చెప్తాను. పార్కు పని మొదలుపెట్టి తూము పని తర్వాత చేస్తామంటే మా ఊరి రైతులందరం వచ్చి గేటు దగ్గర కూర్చుంటాం. కోపంతో అంటున్న మాట కాదండి.

పొద్దుటి నడక

ట్రాక్ పైన చుట్టూ ఉంటుందని, పని జరిగినన్నాళ్ళూ సగం పార్కు తెరిచే ఉంచుతారని రాసిస్తే నేను అడ్డం చెప్పను. అనుకూలం అని కూడా రాయను. మూసే ముందు ఆ వాసన పదేళ్ళు పీల్చినవాణ్ణి. మళ్ళీ రాదని మాటతో నమ్మలేను, ముక్కుతోనే నమ్మాలి.

ఇద్దరు పిల్లల అమ్మ

గేటు దగ్గర ఆటస్థలం, మధ్యలో కంచె అంటే నాకు సరే. సైరన్ సంగతి కూడా రాయండి.

డ్రెయిన్ల ఇంజినీరు (రిటైర్డ్)

పాతరేవు గారి మొదటి పోస్టులో పోటు వల్ల నీరు ఆగుతుందన్నారు. మేజర్ డ్రెయిన్లో ఆగుతుంది, అది నాకు తెలుసు. కానీ పోటు ప్రభావం మన పార్కు దాకా వస్తోందా? ఇక్కడి దాకా వస్తే తూము దగ్గర ఒక షట్టరు కావాలి. లేకపోతే తవ్విన గుంట వాన రాకముందే పోటు నీటితో నిండిపోతుంది, వాన నీటికి చోటుండదు, నా ఐదో వంతు లెక్క కూడా పోతుంది. రాకపోతే షట్టరు ఖర్చు దండగ. ఇది ఊహించి రాసే విషయం కాదు. ఎవరైనా కొలవాలి.

పాత లస్కర్

నాకు టైపు చేయడం రాదు, మనవడు రాస్తున్నాడు.

ఇంజినీరు గారు అడిగింది చూసి నిన్నా ఇవాళా పార్కుకి వెళ్ళాను. గొయ్యి చుట్టూ తాడు కట్టారు, వాచ్‌మన్ తెలిసినవాడే, లోపలికి రానిచ్చాడు. గేజి రాయి అక్కర్లేదు, రేవు మెట్లే ఉన్నాయి. పైనుంచి తొమ్మిది బయటపడ్డాయి, కింద ఇంకా బురదలో ఉన్నాయి. నిన్న తెల్లవారుజామున నీళ్ళు ఐదో మెట్టు మీద ఉన్నాయి. పదకొండింటికి చూస్తే మూడో మెట్టు తడిసింది. వాన లేదు. ఎగువన ఎవరూ నీళ్ళు వదల్లేదు, రైతులకి ఫోన్ చేసి అడిగాను. సాయంత్రం మళ్ళీ ఐదో మెట్టుకి దిగిపోయింది. ఇవాళ ఇంచుమించు అంతే, అయితే ముప్పావు గంట ఆలస్యంగా ఎక్కింది. పోటు రోజూ అలాగే వెనక్కి జరుగుతుంది. అంటే ఇది పోటే, రెండు మెట్ల ఎత్తు వస్తోంది. అడుగు పైచిలుకు ఉంటుంది.

నీళ్ళలో మట్టగిడసలు కూడా ఉన్నాయి, రెండు చూశాను.

మూడో మెట్టు మీద సుద్దతో గీత గీసి వచ్చాను, ఎవరూ చెరపకండి. ఎల్లుండి అమావాస్య. పోటు ఇంతకంటే పెద్దది వస్తుంది. ఆరోజు పొద్దున్నుంచి చీకటి పడే దాకా అక్కడే కూర్చుని చూసి రాయిస్తాను.